లంకలో కోతిని ఎక్కడ చూడాలి



మన ఊళ్ళ నుంచి శ్రీలంక వెళ్ళొచ్చేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ట్రావెల్స్ వాళ్ళు రామాయణ యాత్ర అని ప్రత్యేకంగా తీసుకెళ్తున్నారు. సీతమ్మ ఉన్న అశోకవనం ఇదంటారు, హనుమంతుడు మోసుకెళ్తున్న కొండలోంచి ముక్క రాలిపడింది ఇక్కడంటారు. ఐదారు రోజుల్లో అవన్నీ చుట్టి వస్తారు. వచ్చాక ఫోనులో ఫోటోలు చూపిస్తుంటే గుళ్ళెన్నో కోతులూ అన్ని కనిపిస్తాయి. ఆ కోతుల చేతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. అరటిపండో, బిస్కెట్ ప్యాకెట్టో, కొబ్బరిచెక్కో. హనుమంతుడు కాలుపెట్టిన నేల మీద కోతికి పండు పెడితే పుణ్యమని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకమంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆ పండు తిన్న కోతికి ఏమవుతుందో, పక్కనే చూస్తున్న పిల్లకోతికి ఏమవుతుందో, ఆ పక్క ఊళ్ళో నాలుగు కొబ్బరిచెట్లు పెట్టుకున్న రైతుకు ఏమవుతుందో తెలిశాక పండు సంచిలోంచి తీయబుద్ధి కాదు. ఈ పూట ఆ సంగతులు చెప్తాను. ఆ ద్వీపంలో కోతుల్ని ఎక్కడ నిలబడి, ఎలా చూస్తే కళ్ళు నిండుతాయో కూడా చెప్తాను.

శ్రీలంక విస్తీర్ణం తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న నేల మీద పగటిపూట తిరిగే కోతిజాతులు మూడున్నాయి. వాటిలో రెండు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. రాత్రిపూట చెట్లెక్కే దేవాంగపిల్లులు రెండు రకాలు వేరే ఉన్నాయి గానీ, వాటి కథ మరో రోజు చెప్పుకోవాలి.

మొదటిది సింహళీయులు రిలవ అనే కోతి. శాస్త్రజ్ఞులు దీన్ని టోక్ మకాక్ అంటారు. ఎర్రమట్టి కలిసిన గోధుమరంగు ఒళ్ళు, పొడుగుతోక, నడినెత్తి సుడి నుంచి చుట్టూ గుండ్రంగా పరుచుకున్న జుట్టు. ఆడవాటి ముఖం ఎరుపెక్కి ఉంటుంది. మకాక్ జాతులన్నిటిలో చిన్నవాటి లెక్కలోకి వస్తుంది. బాగా ఎదిగిన మగకోతి కూడా ఆరు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఈ వర్ణన వింటుంటే రాయలసీమ, నెల్లూరు వైపు శ్రోతలకు తమ ఊరి కోతి గుర్తొచ్చే ఉంటుంది. పొరపాటేమీ లేదు. మన దక్షిణాది జిల్లాల్లో ఉండే పొడుగుతోక బానెట్ కోతి దీనికి దగ్గర చుట్టం. మన ఉత్తరాది జిల్లాల్లో తిరిగే ఎర్రపిర్రల, పొట్టితోక రీసస్ కోతి కొంచెం దూరపు చుట్టం. ధనుష్కోటికీ తలైమన్నారుకూ మధ్య సముద్రం సుమారు 30 కిలోమీటర్లు, అదీ లోతు తక్కువ. మంచుయుగాల్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా అక్కడ నేల తేలేది. ఆ దారిన నడిచి వెళ్ళిన జంతువులు నీళ్ళు మళ్ళీ పెరిగాక అటే ఉండిపోయి, వేల తరాల్లో తమ తీరు తాము దిద్దుకున్నాయి.

రెండోది కొండముచ్చు. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మొహం, నెత్తిన చిన్న కుచ్చు. ఇది మన కోస్తా కొండల్లో కనిపించే కొండముచ్చు జాతే, ఉపజాతి మాత్రమే వేరు. అనురాధపురంలో దాగబలనే బౌద్ధ స్తూపాల చుట్టూ, మిహింతలె మెట్ల మీద, దక్షిణాన కతరగామ దేవాలయం దగ్గర ఇవి గుంపులుగా కూర్చుంటాయి. యాల, విల్పత్తు అభయారణ్యాల్లో జీపు ఎక్కినవాళ్ళకు ఇవి తప్పకుండా కనిపిస్తాయి. అక్కడ మాత్రం వీటిని తొందరగా దాటిపోవద్దు. కొండముచ్చులు పైన మేస్తూ సగం కొరికిన ఆకులూ చిగుళ్ళూ కింద పడేస్తుంటాయి. వాటి కోసం చుక్కల దుప్పులు ఆ చెట్టు కిందికే చేరతాయి. చిరుతపులి కదిలితే చెట్టు మీదవాటికి ముందు కనబడుతుంది, నేల మీదవాటికి ముందు వాసన తగులుతుంది. ఎవరు ముందు అరిచినా రెండు మందలూ అప్రమత్తమవుతాయి. లంకలో పెద్దపులి లేదు, అడవికి పెద్ద చిరుతే. అందుకే యాలలో అనుభవమున్న డ్రైవరు కొండముచ్చు గొంతు మారగానే ఇంజను ఆపి చెవి పెడతాడు.

మూడోది అందరికంటే సిగ్గరి. దాని దగ్గరికి చివర్లో వెళ్దాం.

ఇప్పుడు పొలొన్నరువకు రండి. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు ఏలిన రాజధాని అది. ఆయన తవ్వించిన చెరువును సముద్రమనే పిలుస్తారు, ఇవాళ్టికీ దాని నీళ్ళతో వరి పండుతోంది. పాడుబడ్డ రాజమందిరాలు, శివాలయాలు, ఒకే బండలో మలిచిన బుద్ధవిగ్రహాలు, వాటి మధ్య ఎండకాలంలోనూ పచ్చదనం పోని అడవి. పర్యాటకులు విగ్రహాల దగ్గర ఆగి, కోతులకో ఫోటో తీసి బస్సెక్కుతారు. కానీ ఆ శిథిలాల్లో తిరిగే రిలవలు ప్రపంచంలోనే అత్యంత శ్రద్ధగా గమనించబడ్డ కోతుల్లో ఉన్నాయి. వుల్ఫ్‌గాంగ్ డిట్టస్ అనే శాస్త్రజ్ఞుడు 1968లో అక్కడికి వచ్చి వాటిని చూడటం మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళు దాటినా ఆ పని ఆగలేదు. ఒక్కొక్క కోతినీ ముఖం గుర్తుపట్టి, పేరుపెట్టి, ఎవరి కడుపున ఎవరు పుట్టారో, ఎవరు ఎవరికి తలవంచుతారో తరాల తరబడి రాసుకుంటూ వచ్చారు. 2015లో డిస్నీ సంస్థ తీసిన మంకీ కింగ్‌డమ్ సినిమా ఈ గుంపుల మీదే తీశారు. అందులో మాయ అనే ఆడకోతి కథ చూసినవాళ్ళు మనలోనూ చాలామంది ఉంటారు.

డిట్టస్ రాసుకున్నవాటిలో నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఒకటుంది. రిలవల గుంపులో ప్రతి ఒక్కదానికీ ఒక మెట్టు ఉంటుంది. ఆడపిల్ల పుట్టిన గుంపులోనే బతుకంతా ఉంటుంది, తల్లి నిలబడ్డ మెట్టుకు దగ్గరలోనే తానూ నిలబడుతుంది. మగపిల్ల ఎదిగాక వేరే గుంపు వెతుక్కుంటూ పోతుంది. మర్రి పండినప్పుడు పై మెట్టువాళ్ళు పండిన కొమ్మలెక్కుతారు. కింది మెట్టువాళ్ళు రాలినవి ఏరుకుంటారు, పచ్చికాయలతో సరిపెట్టుకుంటారు. ఇంతవరకు మనం ఊహించగలం. కోతి తొందరగా తినడానికి, మింగకుండానే పోగేసుకోవడానికి రెండు చెక్కిళ్ళలో సంచులుంటాయి కదా. పై మెట్టు కోతి కింది మెట్టుదాన్ని పట్టుకుని, నోరు తెరిపించి, వేలుపెట్టి ఆ చెక్కిలి సంచిలోని తిండి కూడా లాక్కుని తినేస్తుంది. కిందిది పెనుగులాడదు. ఊరుకుని కూర్చుంటుంది.

కరువు కాలంలో ఈ మెట్ల వరుస చావుబతుకుల వరుసగా మారుతుందని డిట్టస్ లెక్కలు తేల్చాయి. తిండి తక్కువైతే అందరూ సమానంగా చిక్కిపోరు. చిన్నపిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ముందు చనిపోతారు. వాటిని ఎవరూ చంపనక్కర్లేదు. పండున్న కొమ్మ దగ్గరికి రాకుండా అదిలిస్తే చాలు. ఆ అడవి ఎన్ని కోతుల్ని మోయగలదో అన్నే మిగిలేలా గుంపు తనను తాను తగ్గించుకుంటుంది. 1978 నవంబరులో తూర్పు తీరాన్ని తాకిన తుపాను పొలొన్నరువ అడవిలో చెట్లను విరిచేసినప్పుడు కూడా ఆయన అక్కడే పని చేస్తున్నాడు. పడిపోయిన చెట్ల లెక్క కూడా రాశాడు. చెట్టు లెక్క తెలియకుండా కోతి లెక్క తెలియదని ఆయనకు తెలుసు.

ఇంత కటువైన గుంపులో ఒక మంచి అలవాటూ ఉంది. ఎక్కడైనా బాగా కాసిన చెట్టు కనబడితే, ముందు చూసిన కోతి ఒక ప్రత్యేకమైన కూత పెడుతుంది. ఆ కూత వినగానే చెదిరిపోయి మేస్తున్న గుంపంతా అక్కడికి పరుగెత్తుతుంది. మామూలు తిండికి ఆ కూత రాదు. సమృద్ధిగా ఉన్నప్పుడే వస్తుంది. 1984లో డిట్టస్ దీని మీద ప్రత్యేకంగా రాశాడు. పొలొన్నరువలో మీకు ఒక గంట తీరిక దొరికితే ఏదైనా పండిన మర్రి కానీ మేడి కానీ చూసుకుని, కాస్త దూరంగా నీడలో కూర్చోండి. ఎవరు పైకెక్కారో, ఎవరు కింద ఏరుతున్నారో, ఎవరు ఎవరికి పేలు చూస్తున్నారో గమనించండి. పావుగంటలో ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. అదే చెట్టు మీద కొండముచ్చులు కూడా మేస్తూ కనిపించవచ్చు. మన తెలంగాణ ఊళ్ళలో కోతులు భయపడతాయని కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీలు చేలల్లో కడుతున్నారు కదా. పొలొన్నరువ మర్రి కింద కూర్చున్నవాళ్ళకు ఆ ఫ్లెక్సీ ఎందుకు ఎక్కువ రోజులు పనిచేయదో అర్థమవుతుంది.

ఇక బిస్కెట్ ప్యాకెట్టు సంగతి.

సిగిరియ కొండ మెట్లు, దంబుళ్ళ గుహాలయం, క్యాండీలో ఉడవత్తకెలె అడవి అంచు, పేరాదెనియ తోట. పర్యాటకులు కోతుల్ని చూసేది ఎక్కువగా ఇక్కడే. దంబుళ్ళలో బుద్ధుడికి తెచ్చిన తామరపూలను చేతుల్లోంచే లాక్కుని తింటాయి. అలాంటి చోట ఒక ప్యాకెట్టు కింద పడిందనుకోండి. అడవిలో పండు చెట్టంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి కింది మెట్టుకూ ఏదో ఒకటి దక్కుతుంది. ప్యాకెట్టు ఒకే చోట పడుతుంది. గుంపులో బలమైన మగకోతి దాని మీద కూర్చుంటుంది. దగ్గరికి వచ్చిన ఆడకోతినీ, పిల్లనూ కరుస్తుంది. మనం జాలిపడి ఎవరికోసం విసిరామో ఆ చిక్కిపోయిన పిల్లతల్లికి దక్కేది గాయం. చక్కెరా పిండీ తిన్న కోతి అడవిలో ఆకులు, పురుగులు, కాయలు వెతికే తీరు తగ్గించుకుంటుంది. ఆ తిండి ఎప్పుడూ దొరుకుతూ ఉంటే పిల్లలు ఎక్కువ బతుకుతాయి, గుంపు అడవి మోయలేనంత పెరుగుతుంది. పెరిగిన గుంపు రెండుగా చీలుతుంది. చీలిన గుంపుకు అడవిలో చోటుండదు, అక్కడ ముందే వేరే గుంపులున్నాయి. అది ఎక్కడికి పోతుంది? పక్కనున్న ఊళ్ళోకి, కొబ్బరితోటలోకి, ఇంటి పెంకుల మీదికి. మనం బస్సెక్కి వెళ్ళిపోయిన చాలా రోజుల తర్వాత ఆ ఇంటావిడ కర్ర పట్టుకుని పెరట్లో నిలబడుతుంది.

పనికొచ్చే మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. కోతి పళ్ళు బయటపెడితే అది నవ్వు అనుకుని పిల్లలు దగ్గరికి వెళ్తారు. అది భయమో, బెదిరింపో. కళ్ళలోకి గుచ్చి చూస్తే పోట్లాటకు పిలిచినట్టు. చేతిలో సంచి పట్టుకుని ఊపకండి. ఒకవేళ కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాల పాటు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. చిన్న గాయమే కదా, ఇంటికెళ్ళాక చూద్దామనుకోవద్దు.

రైతు గోడు కొత్తది కాదు. రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషు నావికుడు 1660లో క్యాండీ రాజుకు బందీగా చిక్కి, దాదాపు ఇరవై ఏళ్ళు ఆ ద్వీపంలో ఉండి తప్పించుకున్నాడు. 1681లో అచ్చయిన తన పుస్తకంలో రిలవల గురించి రాశాడు. పంట మీద పడతాయని, రోజంతా మనుషులు కావలి కాయాల్సి వస్తోందని అందులో ఉంది. అప్పటికి లంకలో అడవి ఎంత, మనుషులెంత? ఇప్పుడు రెండు కోట్లకు పైగా జనం. అడవులు ముక్కలయ్యాయి, మధ్యలో తేయాకు, రబ్బరు, రోడ్లు, ఇళ్ళు వచ్చాయి. రిలవ ప్రపంచ పరిరక్షణ జాబితాలో అంతరించే ముప్పున్న జాతి. అదే రిలవ రైతుకు పగవాడు. రెండూ నిజమే. మనసు ఈ రెండిటినీ ఒకేసారి పట్టుకోలేక ఏదో ఒక వైపు ఒరుగుతుంది.

2023లో ఏం జరిగిందో గుర్తుచేస్తాను. చైనా జంతుప్రదర్శనశాలల కోసం లక్ష రిలవల్ని పంపే ఆలోచన ఉందని లంక వ్యవసాయ మంత్రి ప్రకటించారు. లక్ష కోతుల్ని ప్రదర్శనశాలల్లో ఏం చేస్తారని అందరూ అడిగారు. ప్రయోగశాలలకేనని చాలామంది అనుమానించారు. తమకేమీ తెలియదని చైనా రాయబార కార్యాలయం అంది. పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. చివరికి పంపే ఉద్దేశం లేదని ప్రభుత్వం తరఫువాళ్ళు కోర్టులో చెప్పారు. ఆ గొడవలో రైతు మొర ఎవరికీ సరిగా వినబడలేదని నాకనిపిస్తుంది. ఒక్క సంవత్సరం కొబ్బరి పోతే ఏడాదంతా అప్పు చేసేవాడు లక్ష కోతులు పోతాయంటే సంతోషించడూ?

2025 ఫిబ్రవరి 9న మరో సంఘటన. ఆదివారం పొద్దున కొలంబోకు దక్షిణాన పానదుర విద్యుత్ ఉపకేంద్రంలో ఒక కోతి ట్రాన్స్‌ఫార్మరుకు తగిలిందని, దేశమంతా కరెంటు పోయిందని వార్త వచ్చింది. ప్రపంచమంతా ఆ వార్త చదివి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ఒక ప్రాణి కాలిపోయింది. ఒక్క కోతి తగిలితే దేశం మొత్తం చీకటయ్యేంత బలహీనంగా విద్యుత్ వ్యవస్థ ఉందన్నది అసలు వార్త. సెలవురోజు వాడకం తక్కువ, సౌరవిద్యుత్తు ఎక్కువ, అందువల్ల చిన్న తడబాటును కూడా వ్యవస్థ తట్టుకోలేకపోయిందని విద్యుత్ మండలి తరవాత వివరించింది. ఆ నెల తిరిగాక, మార్చి 15న పొద్దున ఎనిమిది గంటలకు, ఐదు నిమిషాల పాటు దేశంలో రైతులూ ఇళ్ళవాళ్ళూ తమ పొలాల్లో, పెరళ్ళలో కనిపించిన కోతుల్ని, కొండముచ్చుల్ని, నెమళ్ళను, పెద్దఉడతల్ని లెక్కపెట్టి రాయాలని వ్యవసాయ శాఖ కోరింది. ఒకే గుంపును ఇద్దరు పొరుగువాళ్ళు రెండుసార్లు లెక్కపెడితే ఏమిటని నిపుణులు అడిగారు. ఆ ప్రశ్న సబబే. అయినా అంతమంది రైతులు కాగితం, కలం పట్టుకుని పెరట్లో నిలబడటం నాకు మంచి సంగతిగానే తోచింది. తమ కష్టం ఎవరో రాసుకుంటున్నారని వాళ్ళకు అనిపించి ఉంటుంది.

ఇది తెలంగాణ పల్లెల్లో వింటున్నవాళ్ళకు పరాయి కథ కాదు. కోతుల బెడదకు వేరుశనగ, మొక్కజొన్న, కూరగాయలు వేయడం మానేసిన ఊళ్ళున్నాయి. కోతుల్ని తరిమేస్తానని మాటిచ్చి సర్పంచులైనవాళ్ళున్నారు. ఎలుగుబంటి వేషం వేసి చేనుకు కావలి తిరిగిన రైతులున్నారు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేస్తున్నారు. మిగతాచోట్ల జరిగేది మాత్రం పట్టుకుని, వ్యాన్లో ఎక్కించి, దూరంగా అడవిలో వదిలేయడం. లంకలోనూ జనం అడిగేది అదే. చంపడానికి బౌద్ధ మనసు ఒప్పుకోదు, తీసుకెళ్ళి ఎక్కడైనా వదలమంటారు. కానీ వదిలే అడవిలో అప్పటికే వేరే గుంపులున్నాయి, ప్రతి చెట్టుకూ ఒక యజమాని ఉంది. కొత్తవాటికి తిండి దొరకదు, దెబ్బలు తింటాయి, చస్తాయి. బతికినవి మనిషి తిండి అలవాటైనవి కనుక దగ్గర్లోని ఇంకో ఊరు వెతుక్కుంటాయి. ఒక ఊరి బాధ ఇంకో ఊరికి మారుతుంది. నా మటుకు, చెత్తకుప్పను మూసిపెట్టడం, గుడి దగ్గరా ఘాట్ రోడ్డు మీదా చేత్తో తిండి పెట్టడం మానడం, ఆపరేషన్లు ఏళ్ళ తరబడి ఆపకుండా చేయడం ముఖ్యం. వీటిలో ఏదీ ఒక ఎన్నికల లోపల ఫలితం చూపించదు, అందుకే ఎవరికీ ఓపిక ఉండదు.

ఇక కొండల్లోకి వెళ్దాం. నువర ఎలియ దాటాక సీత ఎలియ అనే ఊళ్ళో సీతమ్మ గుడి ఉంది. రంగురంగుల గోపురం, పక్కనే వాగు, వాగులో బండల మీద గుంటలు. అవి హనుమంతుడి పాదముద్రలని చెప్తారు. మన యాత్రికుల బస్సులన్నీ ఇక్కడ ఆగుతాయి. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే హక్‌గల ఉద్యానవనం. 1861లో మలేరియా మందుకోసం సింకోనా చెట్లు పెంచడానికి బ్రిటిషువాళ్ళు దాన్ని మొదలుపెట్టారు. గుడి దగ్గర మీకు కొండ రిలవలు కనిపిస్తాయి. మైదానం రిలవకంటే వీటి బొచ్చు దట్టం, పొడుగు. ఇంకా పైన హార్టన్ మైదానాల్లో జనవరి తెల్లవారుజాములో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, అయినా ఇవి అక్కడా ఉంటాయి. ఉష్ణమండలపు ద్వీపంలో కోతి చలికి ఒదిగి కూర్చోవడం చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

గుడి దగ్గర ఆగి వెనక్కి తిరగకండి, హక్‌గల తోటలోకి నడవండి. ఆ తోట వెనక కొండ, కొండనిండా అడవి. అక్కడే నేనందాక చెప్పిన మూడోది ఉంటుంది. సింహళీయులు కలు వందురా అంటారు, అంటే నల్ల కొండముచ్చు. శాస్త్రజ్ఞులు ఊదామొహం లంగూర్ అంటారు. ముదురు ఒళ్ళు, మొహం చుట్టూ తెల్లటి గడ్డం, మీసం. కొండల్లో ఉండే ఉపజాతికి బొచ్చు ఎంత దట్టమంటే దూరానికి చెట్టెక్కిన ఎలుగు పిల్లలా ఉంటుంది. బ్రిటిషువాళ్ళు దాన్ని ఎలుగుకోతి అనే పిలిచారు. ఇది ఆకులు తినే జాతి. కడుపులో ఆకులను పులియబెట్టుకుని అరిగించుకుంటుంది కాబట్టి గంటలకొద్దీ కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. అరటిపండు కోసం మీ దగ్గరికి రాదు. పొద్దున్నే, మంచు తెరలు పూర్తిగా విడవకముందే తోటకు చేరితే మగది అరిచే అరుపు కొండంతా వినబడుతుంది. ఆ వైపు చూపు పెట్టి ఓపిగ్గా వెతకండి. దక్షిణాన సింహరాజ వర్షారణ్యంలో ఇంకో ఉపజాతి ఉంది. ఆ చుట్టుపక్కల ఒళ్ళంతా తెల్లబొచ్చుతో పుట్టినవి కూడా కొన్ని కనిపిస్తుంటాయి. గాలె దగ్గర రుమస్సల కొండ మీద కూడా ఈ జాతి ఉంటుంది. సంజీవని ముక్క రాలిందని చెప్పే కొండల్లో అదొకటి కాబట్టి మన యాత్రికులు వెళ్తూనే ఉంటారు. పైకి చూస్తే మాత్రమే కనిపిస్తాయి.

కానీ ఈ జాతిలో అన్నిటికంటే ఎక్కువ ఆపదలో ఉన్న ఉపజాతి మీరు విమానం దిగిన చోటికి దగ్గర్లోనే ఉంది. కొలంబో చుట్టుపక్కల తడినేలల్లో, నగరం అంచు ఊళ్ళలో బతికే పడమటి ఊదామొహం లంగూర్ అది. ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న ఇరవై ఐదు ప్రైమేట్‌ల జాబితాలో పలుమార్లు దీని పేరు వచ్చింది. దీనికి మిగిలిన అడవి చాలా తక్కువ. అందుకే మనుషుల ఇళ్ళ పెరళ్ళలో ఉంటోంది. పనస, మామిడి, రబ్బరు చెట్ల మీద నుంచి ఒక పెరడులోంచి ఇంకో పెరట్లోకి దూకుతుంది. మధ్యలో ఒక చెట్టు కొట్టేస్తే దూకడానికి చోటుండదు. అప్పుడు కరెంటు తీగ పట్టుకుంటుంది, లేదా రోడ్డు మీదికి దిగుతుంది. నేల మీద నడక దానికి అలవాటు లేదు. తీగలు, కుక్కలు, బండ్లు, మూడూ దాని ప్రాణాలు తీస్తున్నాయి. పర్యాటక పత్రికల్లో దీనిని చూడటానికి ఒక చోటు రాసి ఉండటం అరుదు. గంపహ వైపో, హోరణ వైపో స్నేహితుల ఇంట్లో దిగినవాళ్ళు తెల్లవారి పెరట్లోకి వస్తే పనసచెట్టు మీద కనబడవచ్చు.

ఆ పనసచెట్టు ఇంకా నిలబడి ఉండటానికి ఒక చట్టం కారణం. 1951లో లంక ప్రభుత్వం చెట్లు కొట్టడాన్ని అదుపు చేసే చట్టం తెచ్చింది. పనస, సీమపనస చెట్లను సొంత పెరట్లోవైనా సరే అనుమతి లేకుండా కొట్టకూడదు. అప్పుడు కోతులు ఎవరి మనసులోనూ లేవు. కరువొస్తే జనం పనసకాయ ఉడికించుకుని తిని బతుకుతారని, ఆ చెట్టు కలపకోసం పోకూడదని చేశారు. ఆ చట్టం వల్ల కొలంబో శివార్లలో మిగిలిన పనసల కొమ్మల మీదే ఇవాళ ఆ లంగూర్లు లేత ఆకులూ, కాయలూ తింటున్నాయి. పెరడు అమ్మి అపార్టుమెంటు కడతామని వచ్చే బిల్డరు ముందు ఆ అనుమతి కాగితం తెచ్చుకోవాలి. తెచ్చుకుంటున్నాడు కూడా. ఎంత త్వరగా, ఎన్ని చెట్లకు తెచ్చుకుంటున్నాడన్న దాని మీదే ఆ ఉపజాతి ఎన్నాళ్ళుంటుందో ఆధారపడి ఉంది.